డప్పు కాచుకోవడానికి చోటుందా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నవంబరులో కొరాపుట్ పరబ్, ఆ తరువాత రాయగడ చైతీ ఉత్సవాలు జరిగే రోజుల్లో, ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకుల నుంచి జానపద సంగీతం గురించిన ఉత్తరాలు ఈ శీర్షికకు ఎక్కువగా వస్తాయి. ఈసారి వచ్చిన వాటిలో చాలామంది, ప్రదర్శనల కంటే కళాకారుల దగ్గర కూర్చుని చేత్తో నేర్చుకునే కార్యశాలల గురించే అడిగారు కనుక ఈ నెల పుటను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా ఊళ్ళో రెండు రోజుల జానపద సంగీతోత్సవం జరపాలని సంకల్పించాము. తప్పెటగుళ్ళు, జముకుల కథ, ప్రహ్లాద నాటకం, ఒక సవర గిరిజన బృందం మా జాబితాలో ఉన్నాయి. సాయంత్రం ప్రదర్శనలు, మరునాటి పొద్దున ఒక్కో కళకు గంట చొప్పున కార్యశాల అనుకుంటున్నాము. బడి పిల్లలు వందమంది దాకా రావచ్చు. ఈ ఏర్పాటు సరిపోతుందా?
– ఉత్సవ సంఘ సభ్యుడు, పర్లాకిమిడి

జవాబు: మీరు పిలవదలచిన బృందాలన్నీ పిలవదగినవే. గంట సమయం, వందమంది పిల్లలు అన్న లెక్కను మాత్రం ముందుగా పక్కన పెట్టండి. ఆ లెక్క ప్రకారం జరిపితే పగటిపూట ఇంకొక ప్రదర్శన జరుగుతుంది తప్ప ఒక్క పిల్లవాడికీ ఏమీ పట్టుబడదు. వేదిక మీద రక్తి కట్టే కళ ప్రతిదీ కార్యశాలకు ఒదగదు, ఒదిగే వాటికి కూడా ఒకే కొలత పనికిరాదు.

తప్పెటగుళ్ళు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల యాదవుల కళ. గుండ్రని రేకు తప్పెటను రొమ్ము మీద కట్టుకుని, కాళ్ళకు గజ్జెలు వేసుకుని, రెండు చేతులతో వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడతారు. గంగమ్మ కథ, కృష్ణుడి కథలు వారి పాటల్లో ముఖ్యమైనవి. బృందంలో ఎందరు ఉంటే తప్పెటలూ అన్నే ఉంటాయి కాబట్టి, పదిహేనుమంది బృందం వచ్చినప్పుడు ఒక విడతలో పదిహేనుమంది పిల్లల కంటే ఎక్కువ చేర్చుకోకండి. మొదటి అరగంట తప్పెటను ముట్టుకోనివ్వని గురువును చూసి పిల్లలు విసుక్కుంటారు, తల్లిదండ్రులు మీ దగ్గరకు వచ్చి ఫిర్యాదు కూడా చేస్తారు. అయినా ఆయన పద్ధతికి అడ్డు చెప్పవద్దు. అడుగు కుదరకముందే తప్పెట మీద చెయ్యి వేస్తే గజ్జె ఒక దారిన, దరువు ఒక దారిన పోతాయి. నాయకుడు చరణం అందించగానే మిగిలినవారు అందుకోవడం, అందుకుంటూనే అడుగు తప్పకుండా వేగం పెంచడం ఈ కళకు ప్రాణం, అది చప్పట్లతోనే మొదలు పెట్టవచ్చు. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడే విన్యాసాలకు వేదిక దగ్గర చప్పట్లు బాగా మోగుతాయి గానీ, వాటిని పిల్లల చేత చేయించడానికి ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు. సిమెంటు నేల మీద అయితే ఆ ఊసే వద్దు.

జముకుల కథలో కథకుడి పాటకు తోడుగా మోగే జముకు సంగతి వేరు. ఒక పక్క చర్మం బిగించిన డొల్ల వాయిద్యం అది. చర్మం నడుమ నుంచి ఒక తంతి బయలుదేరుతుంది. డొల్లను చంకలో అదిమి పట్టుకుని, ఒక చేత్తో తంతిని లాగి ఉంచి, రెండో చేత్తో మీటాలి. లాగుడు పెంచితే నాదం పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి జారుతుంది. కథకుడి గొంతు వెంట జముకు కూడా మాట కలిపినట్లు వినిపించడానికి కారణం ఇదే. కొత్తవారు మీటే చేతి మీద దృష్టి పెట్టి లాగే చేతిని మరచిపోతారు, దాంతో ఒకే చప్పుడు వస్తూ ఉంటుంది. ఈ పొరపాటును ఒక్కొక్కరి పక్కన కూర్చుని సరిదిద్దవలసిందే. బృందం దగ్గర ఉండేవి ఒకటి రెండు జముకులు గనుక, రెండు గంటలు కేటాయించినా ఎనిమిది పదిమందికి మించి చేతికి అందవు. మిగిలినవారిని ఊరికే చూస్తూ కూర్చోబెట్టకుండా వారి చేత వంత పాడించమని కథకుణ్ణి కోరండి. కథకుడు ఎక్కడ ఆపితే ఎక్కడ అందుకోవాలో, ఎంతసేపు లాగి ఎప్పుడు వదలాలో తెలుసుకున్న పిల్లవాడు జముకును ముట్టుకోకపోయినా సగం విద్యతో ఇంటికి వెళతాడు.

ప్రహ్లాద నాటకానికి మాత్రం కార్యశాల పెట్టవద్దని నా సలహా. గంజాం ప్రాంతంలో ప్రాణంతో ఉన్న ఈ నాటకం జలంతర రాజు రామకృష్ణ ఛోట్రాయ్ పేరిట ప్రసిద్ధమైనది. ఆ జలంతర కోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది కాబట్టి, రాష్ట్రాల గీతకు ఇటువారికీ అటువారికీ ఇది సొంతమే. రాత్రంతా సాగే ఆటను, హిరణ్యకశిపుడు మెట్ల వేదిక మీద ఎక్కుతూ దిగుతూ చేసే వీరంగాన్ని గంటలో నేర్పడం జరగని పని. దానికి బదులు, వెనుక నిలబడి పద్యాలు పాడే గాహకుణ్ణి, మృదంగం వాయించేవారిని పగటిపూట పిలిచి, పాత్ర ప్రవేశించేటప్పుడు తాళం ఎలా మారుతుందో వాయించి చూపమనండి. ఆ సాయంత్రం నాటకం చూసేవారి చెవులు అప్పటికి కాస్త తెరుచుకుని ఉంటాయి.

ఇంకొక మాట. ప్రదర్శన ముందు రోజు, కార్యశాల మరునాటి పొద్దున అన్న మీ వరుసను తిరగవేయండి. రాత్రి గొంతు చించుకుని పాడినవారిని తొమ్మిది గంటలకు నిద్ర లేపి పాఠం చెప్పమనడం న్యాయం కాదు, ఆ సమయంలో వారి గొంతు పలకదు కూడా. నౌపడ–గుణుపురం రైలు మార్గం టెక్కలి, పాతపట్నం మీదుగా మీ ఊరికే వస్తుంది కాబట్టి శ్రీకాకుళం వైపు బృందాలు పొద్దున దిగి, భోజనం చేసి, మధ్యాహ్నం నేర్పి, సాయంత్రం ఆడవచ్చు. రాత్రికి బస ఏర్పాటు చేయడం మీ బాధ్యత. సవర బృందం గురించి మోహన అనే ఊరి నుంచి వచ్చిన ప్రశ్నకు కింద ఇచ్చిన జవాబు చూడండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, బడిలో ఒడియా, ఇంగ్లీషు మాత్రమే. మా దగ్గర జరిగే ఉత్సవంలో డప్పు, జానపద గేయాల కార్యశాలలు ఉన్నాయని తెలిసి చేరతానంటోంది. తెలుగు లిపి రాకపోతే ఇబ్బంది అవుతుందా? డప్పు ఆడపిల్లలకు బరువు కాదా?
– ఒక తల్లి, బరంపురం

జవాబు: నిస్సంకోచంగా పంపండి. జానపద గేయం చెవితో నేర్చుకునే విద్య, దాన్ని తరతరాలుగా పాడుకుంటూ వచ్చినవారిలో చాలామందికి ఏ లిపీ రాదు. ఇంటికి వచ్చాక గుర్తుంచుకోవడానికి పాటను ఒడియా అక్షరాలలో రాసుకోమనండి. అక్కడ ఒక చిక్కు ఉంది. ఒడియా రాతలో ఎ, ఏ లకు ఒకే అక్షరం, ఒ, ఓ లకు ఒకే అక్షరం. తెలుగు పాటలో ఈ హ్రస్వ దీర్ఘాలు తారుమారైతే తాళం కుంటుతుంది. అందువల్ల సాగదీసి పలికే చోట అక్షరం కింద చిన్న గీత పెట్టుకునే అలవాటు మొదటి రోజునే చేయించండి. నిర్వాహకులు పాటల కాగితాలు పంచేటట్లయితే, సరిహద్దు ఊళ్ళలో తెలుగు, ఒడియా లిపులు రెండూ ఉండేలా అచ్చు వేయించడం వారి కనీస ధర్మమని నా అభిప్రాయం. తెలుగు బడులు తగ్గిపోయిన చోట తెలుగు కాగితం మాత్రమే పంచడం, పిల్లలను పిలిచి వాకిట్లో నిలబెట్టినట్లే అవుతుంది.

ఇక డప్పు. దాన్ని పట్టీతో ఎడమ భుజానికి తగిలించుకుని, కుడిచేతిలోని సిర్ర అనే లావు పుల్లతో బలంగా, ఎడమచేతిలోని సన్నని చిటికెన పుల్లతో తేలికగా వాయిస్తారు. అరచేతికి దెబ్బ తగలదు గానీ, సిర్రను బిగించి పట్టుకుంటే బొటనవేలి మొదట్లో బొబ్బ లేస్తుంది. పట్టు వదులుగా ఉంచి మణికట్టుతో కొట్టడం వచ్చేదాకా కొంచెం కొంచెంగా వాయించమనండి. పదేళ్ళ పిల్లకు పెద్ద చట్రం బరువే కాబట్టి చిన్న డప్పు ఇవ్వమని అడగండి. ఆడపిల్లలు డప్పు వాయించడం ఇప్పుడు ఎక్కడా వింత కాదు.

చేర్పించే ముందు నిర్వాహకులను మీరు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది. డప్పు కాచుకోవడానికి చోటుందా? మేకతోలు తేమకు మెత్తబడుతుంది, మీ బరంపురం సముద్రపు గాలికి మరీ త్వరగా మెత్తబడుతుంది. ఎండుగడ్డి మంట వేసి, తోలును మంటకు చూపి తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి చూసి, బొద్దుగా పలికే చప్పుడు కణకణమనే దాకా కాచాలి. ఎక్కువసేపు చూపితే తోలు కమిలి చీలిపోతుంది, తక్కువ అయితే పాట మధ్యలోనే గొంతు పడిపోతుంది. కాచడం ఆ విద్యలో ఒక భాగం, కార్యశాలలో దాన్ని చూడని పిల్లకు డప్పు సగమే తెలుస్తుంది. చల్లని పాలరాయి మండపంలో, నిప్పు రాజేయడానికి వీల్లేని చోట తోలు డప్పుల కార్యశాల పెట్టేవారు చాలామంది ఉన్నారు. అలాంటి చోట కృత్రిమ పొర వేసిన డప్పులే ఇస్తారు. అవి కాచనక్కరలేదు, వానలోనూ పలుకుతాయి, చెయ్యి తిప్పడం నేర్చుకునేవారికి ఏ దోషమూ లేదు. కాకపోతే కాచిన తోలు డప్పును అమ్మాయి ఒక్కసారైనా దగ్గరగా వినాలి.

ప్రశ్న: ఉత్సవంలో కళాకారుల పాటలను, కార్యశాలలను ఫోనులో వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే వారికి ప్రచారం వస్తుందని నా ఉద్దేశం. జానపద పాటకు రచయిత ఉండడు కదా, అనుమతి ఎందుకని మిత్రులు అంటున్నారు.
– కళాశాల విద్యార్థి, గుణుపురం

జవాబు: పాటకు రచయిత తెలియకపోవచ్చు, పాడిన మనిషి మాత్రం మీ కళ్ళెదుటే ఉన్నాడు. 1957 నాటి కాపీరైటు చట్టంలో ప్రదర్శకుల హక్కులకు విడిగా చోటుంది. 2012 సవరణ ఆ హక్కులను ఇంకా విడమరిచి చెప్పి, ప్రదర్శనతో పాటు తన పేరు చెప్పించుకునే హక్కును, తన పరువుకు భంగం కలిగేలా ప్రదర్శనను మార్చితే అభ్యంతరం చెప్పే హక్కును కూడా చేర్చింది. మీ సొంత వినికిడికో, పాఠం చెప్పడానికో, పరిశోధనకో రికార్డు చేసుకోవడానికి చట్టం వెసులుబాటు ఇస్తుంది. బహిరంగంగా పెట్టడానికి ముందు అడిగి తీరాలి.

అడిగే తీరు కూడా ముఖ్యం. జనం మధ్యలో ఫోను ఎత్తి పట్టుకుని ‘అన్నా, తీయవచ్చా’ అంటే ఎవరూ కాదనలేరు. ఆట అయ్యాక, టీ తాగే వేళ, ఎక్కడ పెట్టబోతున్నారో చూపించి, బృంద నాయకుడి పేరు, ఊరు, ఆయన ఒప్పుకుంటే సంప్రదించే మార్గం కింద రాస్తానని చెప్పి అడగండి. పెట్టిన తరువాత లంకెను ఆయన కుటుంబంలో ఫోను వాడేవారికి పంపండి. కార్యశాలలో తప్పులు చేస్తూ నేర్చుకునే పిల్లల ముఖాలను మాత్రం పెద్దల అనుమతి లేకుండా పెట్టకండి.

ప్రశ్న: ఈ మధ్య ఒక ఉత్సవంలో ధింసా నృత్యం చూశాను. నా చిన్నతనంలో ఊరి నడుమ చూసిన ధింసాకూ దీనికీ పోలికే లేదు. పది నిమిషాల్లో దింపేశారు. చెవులు చిల్లులు పడే మైకులు, రంగు దీపాలు. ఇలాంటి ఉత్సవాల వల్ల కళ బతుకుతుందా, చస్తుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: మీ బాధలో సగంతో ఏకీభవిస్తాను. ధింసా వలయంగా ఆడే ఆట. స్త్రీలు ఒకరి నడుము వెనుక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, వాద్యకారుల చుట్టూ తిరుగుతూ, వలయాన్ని విప్పి పాములా సాగి, మళ్ళీ ముడుచుకుంటారు. దానికి ముందూ వెనుకా ఉండవు. మూడు వైపులా మూసిన వేదిక ఎక్కించేసరికి ఆ వలయం తెగి, ప్రేక్షకులకు ఎదురుగా నిలబడిన ఒక వరుస అయిపోతుంది. వాద్యకారులు పక్కకు నెట్టబడి, ఎవరి అడుగు చూసి దరువు మార్చాలో వారికే కనబడకుండా పోతుంది. మీరు చూసిన తేడాకు మైకుల కంటే ఇదే పెద్ద కారణం అయి ఉంటుంది. మైకుల విషయానికి వస్తే, ఊదే మోరి, కొట్టే తుడుము, కిరిడి కొండ మీద నుంచి లోయలోకి వినిపించడానికి పుట్టిన వాయిద్యాలు. వాటి మూతి దగ్గర మైకు పెట్టడం ఎవరికి తోచిన ఆలోచనో గానీ, మోరి నాదంలోని వణుకంతా ఆ గోలలో చచ్చిపోతుంది. పాడే గొంతులకు ఒకటి రెండు మైకులు చాలు.

మిగతా సగం దగ్గర మీతో విభేదిస్తాను. కార్యశాల సరిగ్గా జరిగిన చోట ధింసా మళ్ళీ నేల మీదికి దిగుతుంది. మైదానంలో, వాద్యకారులను నడుమ నిలబెట్టి, వచ్చినవారిని ఆ గొలుసులో అక్కడక్కడ కలిపితే చాలు. రెండు వైపులా తెలిసినవారి చేతులు నడుమును పట్టుకుని ఉన్నప్పుడు కొత్తవారి అడుగు తనంతట తానే దారిలోకి వస్తుంది, నోటితో చెప్పవలసిన పాఠం చాలా కొద్ది. దాదాపు ప్రతి ఉత్సవంలోనూ జరిగే అన్యాయం ఒకటుంది. ధింసా అంటే ఆడేవారి పేరు చెబుతారు, వాయించేవారిని సహాయకులుగా లెక్కగడతారు. కొరాపుట్ ప్రాంతంలో ఆడే బృందానిది ఒక కులం, వాయించేవారిది ఇంకొక కులం కావడం కద్దు, ఆ విడదీత పారితోషికంలోనూ, భోజనాల పంక్తిలోనూ కనిపిస్తుంది. మోరి ఊదే ఆయన చేత విడిగా ఒక కార్యశాల చేయించమని మీ ఊరి ఉత్సవ సంఘానికి మీరే ఒక అర్జీ ఇవ్వండి. బుగ్గల్లో గాలి నిలుపుకుంటూ ముక్కుతో ఊపిరి తీసి, నాదం తెగకుండా ఊదడం ఎలాగో ఆయన చూపిస్తుంటే, ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం చదివే పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తారు.

ప్రశ్న: కార్యశాలకు కళాకారులకు విడిగా డబ్బు ఇవ్వాలా? ప్రదర్శనకు ఇస్తున్నాము కదా.
– చికిటి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇవ్వాలి. ఆడడం ఒక పని, నేర్పడం ఇంకొక పని. ప్రదర్శన పారితోషికంలోనే కార్యశాల కూడా కలిసి ఉందని దిగిన తరువాత చెప్పడం మోసమే. దారి ఖర్చు, బస, భోజనం ఈ రెండింటికీ బయట ఉండాలి, తెగిన తోలుకు, తంతికి అయ్యే ఖర్చు మీదే. మధ్యవర్తి ద్వారా మాట్లాడుకుంటే, ఎంత ఒప్పుకున్నారో బృందంలోని పెద్దకు మీ నోటితో మీరే చెప్పండి. నిధుల కోసం వెతుకుతున్నట్లయితే, ఒడిశా, కోల్‌కతాలోని తూర్పు మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలోకి, ఆంధ్రప్రదేశ్ తంజావూరు, నాగపూర్ కేంద్రాల పరిధిలోకి వస్తాయి గనుక, గీతకు రెండు వైపుల నుంచీ బృందాలను పిలిచేవారు ఒక్క చోట రాసి ఊరుకోకూడదు.

ప్రశ్న: సవర పూజారిణులు పాడే పాటలను ఉత్సవంలో కార్యశాలగా పెట్టాలని కొందరు ప్రతిపాదిస్తున్నారు. మా సవర మిత్రులు మౌనంగా ఉన్నారు. ఏమి చేయడం మంచిది?
– మోహన నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆ మౌనాన్ని వద్దు అన్న మాటగానే తీసుకోండి. చనిపోయినవారిని పిలిచి వారితో మాట్లాడే పాటలు, రాళ్ళు నిలిపే తద్దినపు వాద్యం, ఒక సందర్భానికి కట్టుబడిన విషయాలు. వాటిని మధ్యాహ్నం రెండింటికి, పేర్లు నమోదు చేసుకున్నవారికి నేర్పమనడం ఎంత పొరపాటో, మన ఇంట్లో జరిగే కర్మకాండ మంత్రాలను ఎవరైనా వచ్చి అలా అడిగితే తెలుస్తుంది. ఇది సవరలకే పరిమితం కాదు. బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్రలో పులి వేషం మొక్కు తీర్చుకోవడానికి కట్టేవారున్నారు, దండ నాట అనే వ్రత నాట్యంలో నియమం పట్టినవారున్నారు. వేషం, దరువు, అడుగు వరకు నేర్పడానికి వారిలో చాలామందికి అభ్యంతరం ఉండదు, నియమం వరకు వెళ్ళకూడదు. ఎక్కడ గీత గీయాలో చెప్పవలసింది వారే.

సవర సంగీతంలో పంచుకోదగినవి చాలా ఉన్నాయి. పంట పాటలు, పెళ్ళి పాటలు, నడుస్తూ పాడుకునే పాటలు ఏవి నేర్పగలరో వారినే ఎంచుకోనివ్వండి, వీలైతే ఊళ్ళోనే జరపండి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవరలను ఇంట్లో ఉంచుకుని వారి భాష నేర్చుకున్నారు, వారి పిల్లలకు సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి, అంటే నేర్చుకోవడం మొదలుపెట్టిన దశాబ్దాల తరువాత. గంటన్నరలో సవర సంగీతం అని కరపత్రం మీద అచ్చు వేసేవారు మీ జిల్లాలోనే ఈ పని జరిగిందని ఒకసారి తలచుకోవడం మంచిది.

ప్రశ్న: కార్యశాలలో జముకు మీట్లు కొంచెం వచ్చాయి. సొంతంగా ఒకటి కొనుక్కోవాలంటే ఎక్కడ దొరుకుతుంది? ఉత్సవాల్లోని స్టాళ్ళలో అమ్మేవి పనికి వస్తాయా?
– కాశీనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: స్టాళ్ళలో ఉండేవి ఎక్కువగా గోడకు తగిలించుకునే అలంకార వస్తువులు, తంతి లాగితే చర్మం ఊడి వస్తుంది. మీకు నేర్పిన కళాకారుణ్ణే అడిగి, ఆయన వాయిద్యం కట్టినవారి చేతనే కట్టించుకోండి. కొంత బయానా ఇచ్చి, వానాకాలం దాటాక తీసుకుంటానని చెప్పండి, ఎందుకంటే తడి రోజుల్లో ఆరబెట్టిన చర్మం సరిగా బిగియదు. తెచ్చుకున్నాక వాయించని వేళల్లో తంతిని సడలించి ఉంచండి, ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీయండి.